నీళ్లు వణికే ఇల్లు

పొద్దున్నే ఐదున్నరకు లేచి హిమజ చేసే మొదటి పని మూతలు చూసుకోవడం. బిందె మీద పళ్లెం, బకెట్ మీద చెక్క, పాలగిన్నె మీద జల్లెడ, తాగే నీళ్ల క్యాన్ మీద బోర్లించిన స్టీలు గిన్నె. అన్నీ ఉన్నాయని చూశాకే పొయ్యి వెలిగిస్తుంది. మూతలు లేకపోతే నేలంతా తడిసిపోతుంది. ఆ ఇంట్లో నీళ్లు వణుకుతాయి.

గాలి ఉండదు, ఎవరూ తాకరు. ఉన్నట్టుండి గిన్నె నడుమ చిన్న వలయం పుడుతుంది. దాని వెనకే ఇంకొకటి, ఇంకొకటి. నిండు బిందె అయితే అంచు దాటి పొర్లుతుంది. పది నిమిషాలో పావుగంటో అట్లా వణికి, తర్వాత ఏమీ ఎరగనట్టు ఊరుకుంటాయి.

హిమజ ఆ ఇంటికి కోడలిగా వచ్చి పదకొండేళ్లు. నీళ్ల వణుకు మొదలైందీ అప్పుడే. కొత్త కోడలు భయస్తురాలనీ, ఆమె గుండె దడే నీళ్లకు ఎక్కుతోందనీ వాడలో వాళ్లంతా అనుకున్నారు. ఒకరింట్లో చీమలు ఎక్కువ, ఒకరింట్లో ఎలుకలు ఎక్కువ, వీళ్లింట్లో నీళ్లు వణుకుతాయి. అంతకుమించి ఎవరూ ఆలోచించలేదు.

ఇల్లు ఇబ్రహీంపట్నం చివర, సాగర్ రోడ్డుకు లోపలగా ఉంటుంది. చుట్టుపక్కల చేలు ఒక్కొక్కటే రంగు రాళ్లు పాతిన ప్లాట్లు అవుతుంటే, హిమజ భర్త అమరేందర్ మాత్రం నాలుగెకరాలూ ఆరు బర్రెలూ పట్టుకుని ఉన్నాడు. అతను చేనికి పోతే పాలకేంద్రానికి పాలు మోసేది హిమజే. అక్కడ కిరణ్ కుమార్ అనే కుర్రవాడు పాలలో గాజు కడ్డీ ముంచి చిక్కదనం చూస్తాడు.

"వదినా, కడ్డీ ఊగుతున్నది. ఒక నాలుగడుగులు ఎనకకు పోయి నిలబడు జర" అంటాడు.

హిమజ వెనక్కి జరుగుతుంది. కడ్డీ నిలబడ్డాక అతను అంకె రాసుకుంటాడు. వరుసలో ఉన్నవాళ్లు తమ క్యాన్ల మూతలు చేత్తో అదిమి పట్టుకుంటారు. ఎవరూ నవ్వరు, ఎవరూ కసరరు.

ఒకప్పుడు హిమజ లెక్కల టీచరు. సాగర్ రోడ్డుకు అవతల చిన్న ప్రైవేటు బడిలో ఏడేళ్లు చెప్పింది. రెండేళ్ల కిందట ఒకరోజు ఎనిమిదో తరగతిలో బోర్డు మీద సమీకరణం రాస్తుండగా చేతులు తిమ్మిరెక్కాయి. గుండె గొంతులోకి వచ్చినట్టయింది. ఇక్కడే, ఇప్పుడే చచ్చిపోతానని గట్టిగా అనిపించింది. వెనక్కి తిరిగేసరికి ముప్పై ఎనిమిది మంది పిల్లల బెంచీల మీద ముప్పై ఎనిమిది సీసాలు గడగడ వణుకుతున్నాయి. నాలుగు కింద పడి దొర్లాయి. పిల్లలు సీసాలు పట్టుకుని ఆమె వైపు చూశారు. ఆ చూపు హిమజ మరిచిపోలేదు. హెడ్మాస్టరు భాగ్య టీచర్ మంచి మనిషే. "కొన్ని దినాలు రెస్టు తీస్కో" అంది. ఆ కొన్ని దినాలు రెండేళ్లయ్యాయి.

ఈ రెండేళ్లలో పట్నంలో రెండు ఆసుపత్రులు తిరిగారు. గుండె పరీక్షలన్నీ చేశారు. గుండె బాగుందన్నారు. బాగున్న గుండె ఎందుకట్లా కొట్టుకుంటుందో మాత్రం ఎవరూ చెప్పలేదు. చివరికి ఇబ్రహీంపట్నం దవాఖానకే బుధవారాలు ఒక మనసు డాక్టరమ్మ వస్తోందని తెలిసి, హిమజ ఒక్కతే వెళ్లి కూర్చుంది. బల్ల మీద గ్లాసులో నీళ్లు వణికాయి. డాక్టరమ్మ గ్లాసును కాగితాలకు దూరంగా జరిపి, అంతా విన్నది.

"గిది గుండె జబ్బు కాదమ్మా. ఆందోళన. చాలామందికి ఉంటది, చెప్పుకోరు. నువ్వు చెప్పుకున్నవ్, సగం పని అయింది."

"మరి మిగిలిన సగం?"

"ఊపిరి కసరత్తు, పొద్దున నడక, పదిహేను దినాలకోసారి వచ్చి నాతోని మాట్లాడుడు. ఇంకోటి. చేతికి పెట్టుకునే గడియారాలు వస్తున్నయ్ గద, గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటున్నదో చెప్పేటియి. ఒకటి కొనుక్కో. ఊకనే కూసున్నప్పుడు దడ పెరిగితే అది చేతి మీద కొడ్తది. దడ ముదరక ముందే నీకు ఎర్కైతది."

అమరేందర్ బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ల దుకాణంలో ఒకటి కొనుక్కొచ్చాడు. నల్ల పట్టీ, అగ్గిపెట్టె అంత అద్దం. దడ పెరిగితే మణికట్టు మీద మెల్లగా గీరినట్టు కదులుతుంది. వేలితో తాకితే అద్దం మీద నీలి గుండ్రం కనిపిస్తుంది. అది పెద్దదవుతుంటే ఊపిరి పీల్చాలి, చిన్నదవుతుంటే వదలాలి.

మొదటి వారం దానితో మేలు కంటే కీడే ఎక్కువైంది. హిమజ అంకెను చూస్తూనే ఉంది. ఎనభై. ఎనభై నాలుగు. ఎందుకు పెరిగింది? ఆ అంకె చూసి ఇంకా పెరిగేది. తొంభై ఆరు. మెట్లెక్కితే నూట పది. సాయంత్రానికి ఇంట్లో ఒక్క గిన్నె కూడా నిలకడగా లేదు. ఆమె కూతురు, నాలుగో తరగతి చదివే భవిత, నేల తుడిచే బట్ట పట్టుకుని తల్లి వెనకే తిరిగింది.

డాక్టరమ్మ విని నవ్వింది. "గడియారం నిన్ను చూడాలె. నువ్వు గడియారాన్ని చూసుడు కాదు. అది కొట్టినప్పుడే చూడు. చూసినంక ఒక నోటుబుక్కుల రాయి. ఎన్ని గంటలకు, ఎంత, అప్పుడు ఏం చేస్తున్నవ్. అంతే."

రాయడం హిమజకు వచ్చిన పని. భవిత పాత నోటుబుక్కులో మిగిలిన కాగితాల మీద స్కేలుతో గీతలు గీసింది. గంట, అంకె, ఏం చేస్తున్నాను, ఏం ఆలోచిస్తున్నాను. చివరన తనంతట తాను ఇంకో గడి పెట్టుకుంది: నీళ్లు.

నెల తిరిగేసరికి హిమజకు తన భయం ముఖం తెలిసింది. అది ఆకాశం నుంచి ఊడిపడేది కాదు. ఫోను మోగితే వచ్చేది. నలుగురు తన వైపు ఒకేసారి చూస్తే వచ్చేది. బడి వ్యాను ఐదు నిమిషాలు ఆలస్యమైతే వచ్చేది. మణికట్టు మీద గీరగానే ఆమె ఎక్కడున్నదక్కడ ఆగి, నీలి గుండ్రంతో పాటు ఊపిరి తీసుకునేది. నూట ఇరవై నుంచి నూట పది. నూట పది నుంచి తొంభై. నీళ్లు సగంలోనే ఊరుకునేవి. పెళ్లయిన తర్వాత మొదటిసారి, నీళ్లను తాను ఆపగలదని ఆమెకు తెలిసింది.

నోటుబుక్కు తిరగేస్తున్నప్పుడే అది కంటబడింది.

ఆమె కళ్లారా చూసినంతవరకు మొత్తం ఇరవై మూడుసార్లు నీళ్లు వణికాయి. వాటిలో పన్నెండుసార్లు అంకె నూట పది పైన ఉంది. మిగిలిన పదకొండుసార్లు డెబ్బై రెండు, డెబ్బై, డెబ్బై ఐదు. గడియారం కొట్టనే లేదు. ఆ పూటల్లో ఆమె బట్టలు ఆరేస్తోంది, కూర తరుగుతోంది, ఒకసారైతే మంచం మీద ఒరిగి పత్రిక చదువుతోంది. లోపల ఎక్కడా భయం లేదు. బిందె మాత్రం పొర్లింది. ఆ పదకొండింటి ఎదురుగానూ గంట గడిలో రాసి ఉన్నది దాదాపు ఒకటే. పదకొండు, పదకొండుం పావు, పది యాభై.

"గడియారం కరాబైనట్టున్నది. మార్చుకొస్త తియ్" అన్నాడు అమరేందర్.

"ఒక రెండు దినాలు ఆగు" అంది హిమజ.

మర్నాడు పదకొండుకు ముందు ఆమె మూడు చెంబుల్లో సమంగా నీళ్లు పోసింది. ఒకటి వంటింట్లో, ఒకటి నడిమింట్లో, ఒకటి బయట అరుగు మీద. అమరేందర్ చేనికాడ ఉన్నాడు. భవిత బడిలో ఉంది. అరుగు మీద అత్త లక్ష్మమ్మ చాటలో కందులు పోసుకుని మట్టిగడ్డలు ఏరుతోంది. అరవై ఆరేళ్ల మనిషి. నిటారుగా కూర్చుంటుంది. భర్త పోయినప్పుడు కూడా నలుగురిలో ఏడవలేదని చెప్పుకుంటారు. ఆమె గొంతు పెంచితే బర్రెలు కూడా తల తిప్పి చూస్తాయి.

పదకొండయింది. హిమజ తన మణికట్టు చూసుకుంది. డెబ్బై రెండు. వంటింటి చెంబులో నీళ్లు సన్నగా కదిలాయి. నడిమింటి చెంబులో వలయాలు కనిపించాయి. అరుగు మీది చెంబులో నీళ్లు అంచు మీదుగా దూకుతున్నాయి.

దాని పక్కన లక్ష్మమ్మ కందులు ఏరుతోంది. ముఖంలో ఏమీ లేదు. కానీ ఆమె వేళ్లు తీస్తున్నవి మట్టిగడ్డలు కావు. మంచి కందులే ఒక్కొక్కటి తీసి కింద పడేస్తోంది.

హిమజ వెళ్లి పక్కన కూర్చుంది. తన చేతి గడియారం విప్పింది.

"అత్తమ్మా, చెయ్యియ్యి జర."

"ఎందుకు?"

"ఊకనే."

లక్ష్మమ్మ వద్దనలేదు, ఇవ్వనూ లేదు. హిమజే చాట పక్కన పెట్టి, ఆ ఎండిన మణికట్టుకు పట్టీ బిగించింది. అద్దం మీద చుక్కలు తిరిగి తిరిగి అంకె పడింది. నూట ఇరవై ఎనిమిది.

ఇద్దరూ ఆ అంకెను చూశారు. పైన నాదర్‌గుల్ విమాన శిక్షణ కేంద్రం నుంచి వచ్చిన చిన్న విమానం ఒకటి గిరికీ కొట్టి పోయింది.

"ఎన్నేండ్ల సంది?" అని అడిగింది హిమజ.

లక్ష్మమ్మ చాట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. దాని వైపు చూస్తూ చెప్పింది.

"మీ మామ మీ పెండ్లి కార్డులు పంచనీకి పోయిండు గద. సాగర్ రోడ్డు దాటుతుంటే లారీ కొట్టింది. నేను గిక్కడ్నే, గీ చాటనే పట్టుకొని కూసున్న. మోటరు సైకిలు చప్పుడైంది. మా తమ్ముడు లింగస్వామి దిగిండు. అక్కా అన్నడు. ఇంకేం అనలె. పదకొండు గంటలైంది అప్పుడు." కందులను చేత్తో ఒకసారి కలిపింది. "అప్పటి సంది పదకొండైతే చాలు, ఎవరో వస్తున్నరు అనిపిస్తది. అమరేందర్‌కు ఏమో అయింది, పిల్లకు ఏమో అయింది, నీకు ఏమో అయింది. చెవులు గేటు కాడనే ఉంటయ్. పన్నెండు దాటితే తగ్గుతది. మల్ల తెల్లారితే పదకొండు."

"నీళ్లు?"

"పదకొండో దినం నాడు తానాలకు గంగాళం నింపి పెట్టిన్రు. నేను దగ్గరికి పోంగనే వణికినయ్. ఎవ్వరు సూడలె. నేను సూసిన."

"అప్పటికి నేను గీ ఇంట్లకే రాలె."

"రాలె."

ఏడాది లోపు పెళ్లి జరిగిపోవాలని పెద్దలు అనడంతో, హిమజ పెళ్లి ఆ తర్వాత రెండు నెలలకే అయింది. కొత్త కోడలు గడపలో కాలు పెట్టిన రోజు కలశంలో నీళ్లు ఒలికాయి. పిల్ల బెదిరిందని ఎవరో అన్నారు. మాట అక్కణ్నుంచి బయల్దేరింది.

"అందరు నాదే అన్నరు" అంది హిమజ.

"నేను అనలె."

"కాదని కూడ అనలె గద."

లక్ష్మమ్మ తల దించుకుంది. "అనలె."

"ఎందుకు?"

"ఇంట్ల పెద్ద దిక్కు పోయింది. అమరేందర్‌కు ఇరవై ఆరేండ్లు, లోకం తెల్వదు. అన్నదమ్ముల పాలోళ్ల కండ్లన్ని భూమి మీదనే ఉండె. లక్ష్మమ్మ కూడ బెదిరిందంటె ఇల్లు నిలవదు అనుకున్న. కొత్తపిల్ల భయపడ్డదంటె ఎవరేమంటరు, కొన్ని దినాలకు తగ్గుతది తియ్ అనుకున్న." ఆమె గొంతు అప్పటికి కూడా గట్టిగానే ఉంది. చేతి మీది అంకె మాత్రం నూట ముప్పై నాలుగు. "నాది తగ్గలె. నీది మొదలైంది."

హిమజ లేచి బర్రెల కొట్టంలోకి వెళ్లిపోయింది.

ఎనిమిది రోజులు ఆమె అత్తతో మాట్లాడలేదు. అన్నం పెట్టింది, నీళ్లు తోడింది, మాట మాత్రం లేదు. పదకొండేళ్లుగా తాను అడిగిన క్షమాపణలన్నీ గుర్తుకొచ్చాయి. పాలకేంద్రంలో వెనక్కి వేసిన అడుగులు, చుట్టాల పెళ్లిళ్లలో భోజనాల దగ్గరికి పోకుండా దూరంగా నిలబడ్డ పూటలు, నలుగురూ నీకు భయం నీకు భయం అనగా అనగా నిజంగానే భయం అలవాటైన రోజులు. ముప్పై ఎనిమిది సీసాలు. అమరేందర్‌కు చెబితే అతను మొదట నమ్మలేదు. తర్వాత నెత్తి పట్టుకుని, "నేనన్న సూడాల్సి ఉండె" అన్నాడు.

బుధవారం వచ్చింది. డాక్టరమ్మ ముందు హిమజ నోటుబుక్కు తెరిచి పెట్టింది.

"పన్నెండు నావి. పదకొండు ఆమెవి. కానీ ఆ పన్నెండు కూడ ఆమె వల్లనే వచ్చినయ్. ఇన్నేండ్లు నేను మోసింది నాది కాదు."

డాక్టరమ్మ గడులన్నీ చదివింది. "కోపం వస్తది. రావాలె గూడ. కానీ గీ పన్నెండు ఎక్కడ్నుంచి వచ్చినా, ఇప్పుడు నీ దగ్గరనే ఉన్నయ్. వాటిని నువ్వే చూసుకోవాలె. చూసుకుంటున్నవ్ గద, సగంలనే ఆపుతున్నవ్." నోటుబుక్కు మూసి ఇచ్చింది. "ఆ పదకొండు మాత్రం నువ్వు ఆపలేవు. అవి ఎవరివో వాళ్లు రావాలె నా దగ్గరికి."

"ఆమె గడప దాటదు. సాగర్ రోడ్డంటెనే వణుకు ఆమెకు. పదకొండేండ్లల్ల ఒక్కసారి గూడ అటు దిక్కు పోలె."

"అయితే ఎదురుచూద్దాం" అంది డాక్టరమ్మ.

అట్లా ఎదురుచూసే ఓపిక హిమజకు అప్పుడు లేదు. ఇంటికొచ్చి, లక్ష్మమ్మ విప్పి గూట్లో పెట్టిన గడియారం చేతికి కట్టుకుని, మళ్లీ మాట లేకుండానే పనిలో పడింది.

శనివారం ఆమె చేనికాడ అమరేందర్‌తో కలిసి బెండకాయలు తెంపుతోంది. పదకొండున్నర కావస్తుండగా ఫోను మోగింది. భాగ్య టీచర్. రెండేళ్లలో ఆ పేరు ఫోనులో వెలగడం అదే మొదలు. మణికట్టు మీద గడియారం గీరింది. హిమజ ఒక్కసారి నిండుగా ఊపిరి తీసి ఎత్తింది.

"హిమజా, మీ అత్తమ్మ నా రూముల కూసున్నది."

"మా అత్తమ్మనా? ఎట్లొచ్చింది?"

"నడుచుకుంటనే వచ్చిందట. పిల్లకేమన్న అయిందేమోనని నేను భయపడ్డ. అదేం కాదు. నాతోని ఒక మాట చెప్పాలని వచ్చిందట. చెప్పింది. నా టేబుల్ మీద రిజిష్టర్లన్ని తడిసినయ్ గానీ, చెప్పేదాక లేవలె." భాగ్య టీచర్ గొంతు తగ్గించింది. "వచ్చుడైతె వచ్చింది, ఇప్పుడు గేటు దాటి పోలేకపోతున్నది. రోడ్డు చూసి ఎనకకు వస్తున్నది. నువ్వు రావాలె."

అమరేందర్ బండి తీస్తానన్నాడు. హిమజ వద్దంది. "నేనే పోత" అని గట్టు మీద చెప్పులు తొడుక్కుని నడిచింది. రోడ్డు దాటింది. బడి గేటు ముందు కాళ్లు ఆగాయి. రెండేళ్ల కిందటి చూపులన్నీ ఆ గేటు లోపల ఇంకా అట్లాగే ఉన్నట్టు అనిపించింది. నూట పద్దెనిమిది. ఇది నాదే, అనుకుంది. గోడ పక్కన నిలబడి నీలి గుండ్రాన్ని ఏడుసార్లు పెద్దది, ఏడుసార్లు చిన్నది కానిచ్చి లోపలికి వెళ్లింది.

లక్ష్మమ్మ కుర్చీ అంచున నిటారుగా కూర్చుని ఉంది. చీర కుచ్చిళ్లు దుమ్ము పట్టి ఉన్నాయి. కాళ్ల దగ్గర నీళ్ల మడుగు. భాగ్య టీచర్ తడిసిన రిజిష్టర్లను కిటికీలో ఎండకు ఆరేస్తోంది.

"ఏం చెప్పింది మేడం?" అని అడిగింది హిమజ.

భాగ్య టీచర్ జవాబు చెప్పేలోపు లక్ష్మమ్మే చెప్పింది. పదకొండేళ్లలో ఆమె కోడలి ముఖంలోకి చూసి మాట్లాడింది తక్కువ. ఇప్పుడు చూసింది.

"మీ బడిల సీసాలు ఊగినయంటె గది నా కోడలు ఒక్కదాని తప్పు కాదు అని చెప్పిన. గా భయం మా ఇంట్లది, నాది. నా నెత్తి మీదిది తీసి గీ పిల్ల నెత్తిన పెట్టి, ఏం తెల్వనట్టు ఊకున్న అని చెప్పిన. నీకు చెప్తె నువ్వు ఇంట్లనే మింగుతవ్. అందుకని నిన్ను పనిలకెల్లి తీసినోళ్లకు చెప్పనీకి వచ్చిన."

"నేను తియ్యలె లక్ష్మమ్మా" అంది భాగ్య టీచర్. "రెస్టు తీస్కొమ్మన్న. ఆమె జాగల ఇద్దరిని పెట్టిన, ఇద్దరు నిలవలె. రమ్మని అడుగుదామంటె, మల్ల పరేషాన్ చేసినట్టైతదని ఊకున్న." హిమజ వైపు తిరిగింది. "జూన్‌ల వస్తవా? సీసాలు ఊగితె ఊగుతయ్. నాకు లెక్కలు చెప్పేటోళ్లు కావాలె."

హిమజ మణికట్టు మీద గడియారం గీరుతూనే ఉంది. "ఎనిమిదో తరగతికేనా?" అని మాత్రం అడిగింది.

"ఎనిమిది, తొమ్మిది."

"సరే మేడం."

ఇద్దరూ బయటికొచ్చారు. మార్చి ఎండ. సాగర్ రోడ్డు మీద లారీలు, కాలేజీ బస్సులు, కొంగరకలాన్ ఫ్యాక్టరీకి మనుషుల్ని తీసుకుపోయే బస్సులు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. రోడ్డు అంచుకు రాగానే లక్ష్మమ్మ ఆగిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పక్కన చెరుకు రసం బండివాడి బకెట్లో నీళ్లు ఒలకడం మొదలైంది. అతను ఇద్దరినీ ఒకసారి చూసి బకెట్‌ను అవతలికి జరుపుకున్నాడు.

"వచ్చేటప్పుడు ఎట్ల దాటినవ్ అత్తమ్మా?"

ఎనిమిది రోజుల తర్వాత అది మొదటి మాట.

"కండ్లు మూసుకున్న."

"కండ్లు మూసుకొని సాగర్ రోడ్డు దాటినవా?"

"తెరిస్తె దాటకపోతుంటి" అంది లక్ష్మమ్మ.

హిమజకు తిట్టాలనిపించింది. తిట్టబోయి, ఆమె చేతులు చూసింది. చాటలో మంచి కందులు ఏరి పారేసిన చేతులు. గడియారం విప్పి అత్త మణికట్టుకు కట్టింది. అంకె మీద తన అరచెయ్యి కప్పి, గుండ్రం ఒక్కటే కనిపించేట్టు పట్టుకుంది.

"గిది పెద్దగైతుంటె ఊపిరి లోపలికి. చిన్నగైతుంటె బయటికి. నాతోని పాటు తియ్యి. తొందరేం లేదు."

ఎన్నిసార్లు తీశారో లెక్కపెట్టలేదు. లారీలు పోతూనే ఉన్నాయి. చెరుకు రసం బండికి ఇద్దరు ముగ్గురు వచ్చి తాగి పోయారు. ఒకచోట లక్ష్మమ్మ ఊపిరి తెగి ఏడుపులాగా వచ్చింది, మళ్లీ గుండ్రంతో కలిసింది. రోడ్డు కాస్త ఖాళీ అయినప్పుడు హిమజ ఆమె చెయ్యి పట్టుకుంది.

"కండ్లు తెరిచే ఉండాలె."

సగం దాటి డివైడర్ మీద నిలబడ్డారు. లక్ష్మమ్మ కుడివైపు చూసింది. పెట్రోలు బంకు ముందు, తారు కొత్తగా పోసిన చోట.

"గాడ్నేనా?" అని అడిగింది.

"అవ్. గాడ్నే అన్నడు అమరేందర్."

లక్ష్మమ్మ ఆ చోటును చూస్తూ నిలబడింది. దాని మీదుగా ఒక ఆటో పోయింది, తర్వాత గడ్డిమోపుతో ఒక స్కూటరు, తర్వాత బస్సు. "ఏం లేదు గద గాడ" అంది మెల్లగా. తర్వాత మిగిలిన సగం దాటారు.

ఇంటివైపు అంచుకు చేరాక హిమజ చెయ్యి వదిలింది. లక్ష్మమ్మ వదలలేదు. తిరిగి రోడ్డు వైపు చూసింది.

"ఇంకోసారి పోదాం" అంది.

"ఏమన్న మర్చిపోయినవా?"

"లేదు. ఊకనే పోదాం. మల్ల వద్దాం."

ఆ రోజు వాళ్లు సాగర్ రోడ్డును ఐదుసార్లు దాటారు. చెరుకు రసం బండివాడు ఏమన్నా పోగొట్టుకున్నారేమోనని రోడ్డు మీద వెతికి చూశాడు. మూడోసారికి అతని బకెట్లో నీళ్లు సగమే కదిలాయి. ఐదోసారి చెయ్యెత్తి లారీని ఆపింది లక్ష్మమ్మే.

తర్వాతి బుధవారం ఆమె దవాఖానకు వెళ్లింది. డాక్టరమ్మ ముందు గంటసేపు కూర్చుని, బయటికొచ్చి, "బాగనే అడుగుతది గీ పిల్ల" అని మాత్రం అంది. అమరేందర్ ఇంకో గడియారం కొన్నాడు. లక్ష్మమ్మకు అంకెలు చదవడం వచ్చు, రాయడం రాదు. ఆమె నోటుబుక్కు సాయంత్రాలు భవిత రాస్తుంది. ఏం చేస్తున్నావ్, ఏం ఆలోచిస్తున్నావ్ అని మనవరాలు అడిగితే మొదట్లో కసిరేది. ఇప్పుడు ఆలోచించి చెబుతుంది.

జూన్‌లో బడి తెరిచారు. హిమజ ఎనిమిదో తరగతిలోకి వెళ్లిన మొదటి రోజు సీసాలు కదిలాయి. ఆమె సుద్దముక్క పక్కన పెట్టి, మణికట్టు వైపు చూసుకుంటూ, పిల్లల ముందే నిదానంగా ఊపిరి తీసుకుంది. సీసాలు ఊరుకున్నాక సమీకరణం మిగతా సగం రాసింది. కొత్త పిల్లలు, వాళ్లకు ఏ పాత సంగతీ తెలియదు. ఒక అమ్మాయి చెయ్యెత్తి, "మేడం, పరీక్షలప్పుడు నాకు గూడ గట్లనే అయితది" అంది. "పీరియడ్ అయినంక రా, చెప్త" అంది హిమజ.

ఇంట్లో వణుకు పూర్తిగా పోలేదు. వారంలో రెండు రోజులు, మూడు రోజులు ఇంకా వస్తుంది. ఒకరోజు పదకొండు గంటలకు పక్కింటి ఎంకమ్మ మజ్జిగ కోసం వచ్చి అరుగు మీద కూర్చుంది. లక్ష్మమ్మ ఇచ్చిన గ్లాసులో నీళ్లు వలయాలు తిరుగుతున్నాయి. ఎంకమ్మ అలవాటుగా వంటింటి వైపు తొంగి చూసింది.

"కోడలు ఇంట్లనే ఉన్నదా? బడికి పోలేదా?"

"పొద్దుగాలనే పోయింది" అంది లక్ష్మమ్మ. ఆమె మణికట్టు మీద నీలి గుండ్రం పెద్దదవుతూ ఉంది. అది చిన్నదయ్యేదాకా ఆగి, ఊపిరి వదిలి, చెప్పింది.

"గిది నాది ఎంకమ్మా. జర ఆగి తాగు."